లెక్కకు రాని నొప్పి: ప్రాథమిక వైద్య పరిశోధన చరిత్ర, మేడ్చల్ - శామీర్‌పేట గ్రామాలు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• కీళ్ల నొప్పులు ప్రజారోగ్య రికార్డుల్లోకి ఆలస్యంగా ఎందుకు వచ్చాయో వివరించగలుగుతారు.
• ఆసుపత్రి ఆధారానికి, గ్రామ సర్వే ఆధారానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• ప్రాథమిక వైద్య పరిశోధనలో 'జాబితా'కు ఉన్న ప్రాధాన్యాన్ని ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
• మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు శ్రమ చరిత్రను ఆరోగ్య చరిత్రతో కలిపి చదవగలుగుతారు.

1. పరిచయం

మేడ్చల్ వైపు గాని, శామీర్‌పేట వైపు గాని ఏ ఊళ్లోనైనా అరుగు మీద కూర్చున్న పెద్దమ్మను "పాణం ఎట్లుంది?" అని అడగండి. "మంచిగనే ఉన్న బిడ్డా, మోకాళ్లే గుంజుతున్నయి, గంతే" అనే జవాబు మీకు చాలాసార్లు వినబడుతుంది. ఆమె దృష్టిలో అది జబ్బు కాదు. వయసుతో వచ్చిన బాధ, వాతం నొప్పి. ఆసుపత్రికి పోదు. పోయినా ఒకటి రెండుసార్లు పోయి మానేస్తుంది. ఆమె మానేసిన రోజు నుంచి ఆమె నొప్పి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఆలోచించవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది. రికార్డులో లేని నొప్పిని లేనట్టుగానే లెక్కించాలా? ఆధారాలు మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? రైతు తిరుగుబాట్లు, కౌలు సంబంధాలు, కరువులు చదివేటప్పుడు ఈ ప్రశ్న మీకు ఎదురయ్యే ఉంటుంది. శరీరం విషయంలోనూ అదే ప్రశ్న వేసుకోవచ్చు. గత అరవై, డెబ్బై ఏళ్లలో కొందరు పరిశోధకులు ఆసుపత్రి గడప దాటి, ప్రాథమిక వైద్యుల దగ్గరకు, ఇళ్ల దగ్గరకు వెళ్లి ఈ నొప్పిని లెక్కలోకి తెచ్చారు. ఆ ప్రయత్నాల క్రమాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. నేల, పని, శరీరం

నేటి మేడ్చల్ - మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు ఈ ప్రాంతం 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండేది. మేడ్చల్ నాగపూర్ వెళ్లే రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. చెరువుల కింద, బావుల కింద వరి, మెట్ట నేలల్లో జొన్న, కూరగాయలు, హైదరాబాదు మార్కెట్ కోసం వేసిన ద్రాక్ష పందిళ్లు, కోళ్ల ఫారాలు ఇక్కడి జీవనాధారాలు. 1999 తరువాత శామీర్‌పేట మండలంలోని తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ పెరిగింది. టీకాలు, మందులు తయారు చేసే సంస్థలు వచ్చాయి. పొలాలు ప్లాట్లయ్యాయి. నాట్లు వేసిన చేతులు కొన్ని ఇటుక మోతకు, ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి, అపార్ట్‌మెంట్లలో ఇంటి పనికి మళ్లాయి.

ఈ పనులను శరీరం వైపు నుంచి చూడండి. నాటు వేసే మనిషి గంటల తరబడి నడుము వంచి బురదలో నిలబడుతుంది. కలుపు తీసే మనిషి గొంతుక కూర్చుని ముందుకు జరుగుతూ పోతుంది. ద్రాక్ష పందిరి కింద పనిచేసేవారు చేతులు పైకెత్తి, మెడ వెనక్కి వంచి పని చేస్తారు. నీళ్ల బిందె, గడ్డి మోపు, తట్ట నెత్తికెక్కుతాయి. ఇంటికి వస్తే పొయ్యి ముందు, బట్టల బండ ముందు మళ్లీ గొంతుక కూర్చోవడమే. మోకాలు ఎక్కువగా వంచి కూర్చోవడం, బరువులు మోయడం ఏళ్ల తరబడి కొనసాగితే మోకీలు అరిగే అవకాశం పెరుగుతుందని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. వయసు, స్థూలకాయం, పాత గాయాలు, వంశపారంపర్యం కూడా కారణాలే. పురుషుల కంటే స్త్రీలలో, ముఖ్యంగా నెలసరి ఆగిన వయసు తరువాత, ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ జబ్బును వైద్యులు ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. వాడుకలో కీళ్ల అరుగుదల అంటున్నాం. ఎముకల చివర ఉండే మెత్తటి మృదులాస్థి పలచబడుతుంది, దాని కింది ఎముక మారుతుంది, కీలు చుట్టూ ఉన్న పొర వాస్తుంది, కండరాలు బలహీనపడతాయి. అంటే ఇది ఒక్క మృదులాస్థి అరగడం కాదు, కీలు మొత్తానికి వచ్చే మార్పు.

3. రిజిస్టరులో ఏ గడులు ఉన్నాయి?

భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచనకు పునాది వేసింది. 1952 అక్టోబరు 2న సామాజిక వికాస పథకం మొదలైన తరువాత బ్లాకుల వారీగా ఈ కేంద్రాలు వెలిశాయి. అప్పటి పరిస్థితిలో ప్రాణాలు తీసే జబ్బుల మీదే దృష్టి పెట్టడం సహజం. 1952లో కుటుంబ నియంత్రణ, 1953లో మలేరియా, 1962లో క్షయ జాతీయ కార్యక్రమాలుగా మొదలయ్యాయి. మశూచి నిర్మూలన, టీకాలు, ప్రసవాలు కూడా ప్రధానమయ్యాయి.

ప్రతి కార్యక్రమానికి లక్ష్యం ఉంటుంది. లక్ష్యం ఉన్నచోట రిజిస్టరులో గడి ఉంటుంది. గడి ఉన్నచోట లెక్క పుడుతుంది, లెక్క ఉన్నచోటికి నిధులు వస్తాయి. మోకీళ్ల నొప్పికి జాతీయ లక్ష్యం లేదు. అది చంపదు, అంటుకోదు. మరణాల సంఖ్యతో జబ్బు ప్రాధాన్యాన్ని కొలిచే పద్ధతిలో దానికి చోటు దొరకలేదు.

మరి నొప్పి ఉన్నవారు ఎక్కడికి వెళ్లారు? కొందరు నాటు వైద్యుల దగ్గర నూనెలు, పట్లు వేయించుకున్నారు. కొందరు ఆయుర్వేదం, యునానీ వైద్యుల దగ్గరకు పోయారు. ఎక్కువమంది ఊళ్లోని ఆరెంపీ దగ్గర సూదిమందు వేయించుకుని, మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని మళ్లీ పనికి పోయారు. ఈ లావాదేవీలకు రాతపూర్వక ఆధారం మిగలదు. ఖర్చు మాత్రం మిగులుతుంది. నొప్పి బిళ్లలను ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ వచ్చే ప్రమాదం ఉంది. ఆ మనిషి చివరికి పెద్దాసుపత్రికి చేరితే రికార్డులో 'కిడ్నీ జబ్బు' అని పడుతుంది. దాని వెనుక ఉన్న మోకాలు అక్కడ కూడా కనబడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల రిజిస్టర్లలో కీళ్ల నొప్పులకు చోటు దక్కకపోవడానికి కారణాలేమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

4. కంటికి కనిపించిన ఎముకలు: నెల్లూరు, నల్లగొండ

తెలుగు నేల మీద ఎముకల, కీళ్ల జబ్బుల గురించి తొలినాళ్లలోనే మంచి పరిశోధన జరిగింది. కాని ఆ పరిశోధన దేనిని చూసిందో గమనించండి. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి వ్యాసం ప్రచురించారు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో వెన్ను బిగుసుకుపోయి, కీళ్లు కదలక బాధపడుతున్న వ్యవసాయదారులను వారు వర్ణించారు. 1955లో హైదరాబాదు రాష్ట్రంలోని నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ వ్యాసం వచ్చింది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతపు యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది.

ఈ పరిశోధనల విలువ చాలా పెద్దది. అయితే ఇవి రికార్డుకెక్కడానికి ఒక కారణం ఉంది. వంకరపోయిన కాలు కంటికి కనిపిస్తుంది. ఎక్స్‌రేలో కనిపిస్తుంది. నీటి పరీక్షలో కారణం దొరుకుతుంది. మేడ్చల్ పెద్దమ్మ మోకాలి నొప్పికి ఈ మూడింటిలో ఏదీ సరిగా అమరదు. చూడడానికి కాలు మామూలుగానే ఉండవచ్చు. కారణం ఒక్కటి కాదు. ఎక్స్‌రే సంగతి మరింత చిక్కైనది. ఆ చిక్కు ఏమిటో తెలియాలంటే ఇంగ్లాండులో జరిగిన పనిని చూడాలి.

5. జాబితా అనే ఆధారం: ఇంగ్లాండు అనుభవం

1957లో మాంచెస్టర్‌కు చెందిన కెల్‌గ్రెన్, లారెన్స్ ఎక్స్‌రేను బట్టి కీళ్ల అరుగుదలను 0 నుంచి 4 వరకు మెట్లుగా విభజించారు. ఆ కొలత నేటికీ వాడుకలో ఉంది. దానితో బొగ్గుగని కార్మికులను, ఊళ్ల ప్రజలను పోల్చి చూడడం సాధ్యమైంది. కాని ఆ సర్వేలతోనే ఒక విషయం బయటపడింది. ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినవారిలో కొందరికి నొప్పి లేదు. నొప్పితో కుంటుతున్నవారిలో కొందరి ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉంది. అంటే ఫిల్మును మాత్రమే నమ్మితే మనిషి తప్పిపోతాడు.

ఇక్కడే ప్రాథమిక వైద్య పరిశోధకుల పాత్ర మొదలవుతుంది. 1948 జులైలో బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడింది. దాని కింద దాదాపు ప్రతి పౌరుడి పేరు ఒక ప్రాథమిక వైద్యుడి జాబితాలో ఉంటుంది, ఆ మనిషి జబ్బు పడినా పడకపోయినా. పరిశోధకుడికి ఇది గొప్ప వనరు. ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే కాదు, రానివారిని కూడా అడగవచ్చు.

ఈ వనరును బాగా వాడుకున్నవారిలో కీల్ విశ్వవిద్యాలయపు ప్రాథమిక వైద్య ఆచార్యుడు పీటర్ క్రాఫ్ట్ ఒకరు. కీల్ విశ్వవిద్యాలయం ఉన్న ఉత్తర స్టాఫర్డ్‌షైర్ కుండల పరిశ్రమకు, బొగ్గుగనులకు పేరుపడిన శ్రామిక ప్రాంతం. 1992లో క్రాఫ్ట్, ఆయన సహచరులు ఇంగ్లాండు పల్లెల్లోని ప్రాథమిక వైద్యుల జాబితాల నుంచి వయసు మళ్లిన రైతులను ఎంచుకుని, కూర్చుని పనిచేసే ఉద్యోగాలు చేసినవారితో పోల్చారు. రైతుల్లో తుంటి కీలు అరుగుదల చాలా ఎక్కువగా కనబడింది. వ్యవసాయం చేసేవారికి అది వృత్తి వల్ల వచ్చే జబ్బు అని వారు తేల్చారు. 'వయసు నొప్పి' అని తోసిపుచ్చిన దానికి పనితో సంబంధం ఉందని చెప్పే ఆధారం ఇది.

1998లో ఆయన బృందం ప్రచురించిన మరో వ్యాసం మన పాఠానికి ఇంకా ముఖ్యమైనది. దక్షిణ మాంచెస్టర్‌లోని రెండు ప్రాథమిక వైద్య కేంద్రాలకు నడుము నొప్పితో వచ్చినవారిని ఒక ఏడాది పాటు గమనించారు. మూడు నెలలు గడిచేసరికి సుమారు 90 శాతం మంది ఆ నొప్పి కోసం డాక్టరు దగ్గరకు రావడం మానేశారు. రిజిస్టరును మాత్రమే చూస్తే 'తొంభై శాతం మందికి నయమైంది' అని రాయవచ్చు. అంతకు ముందు చాలామంది వైద్యులు అలాగే అనుకునేవారు. ఈ బృందం ఇళ్ల దగ్గరకు వెళ్లి అడిగింది. ఏడాది తరువాత కూడా పూర్తిగా కోలుకున్నవారు 25 శాతం మాత్రమే. మిగిలినవారు నొప్పితోనే బతుకుతున్నారు, డాక్టరుకు చెప్పడం మానేశారు, అంతే.

రావడం మానేయడం వేరు, కోలుకోవడం వేరు. ఈ ఒక్క తేడాను గుర్తు పెట్టుకుంటే ఈ పాఠంలో సగం మీకు అర్థమైనట్టే. పరిచయంలో చూసిన 'గంతే' అనే మాటకు, మాంచెస్టర్ రిజిస్టరులోని ఖాళీ గడికి అర్థం ఒకటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1998 పరిశోధనలో రిజిస్టరు చెప్పిన సంగతికి, ఇళ్ల దగ్గర అడిగినప్పుడు తెలిసిన సంగతికి గల తేడాను వివరించండి.

6. జాబితా లేని దేశంలో: భిగ్వాన్ సర్వే

భారతదేశంలో ప్రతి పౌరుడి పేరూ ఉండే వైద్యుల జాబితాలు లేవు. కాబట్టి నొప్పిని లెక్కించాలంటే ముందు జాబితాను తయారు చేయాలి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ రుమటాలజీ సంఘాల సమాఖ్య కలిసి 'కాప్‌కార్డ్' అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. పేద దేశాల్లో తక్కువ ఖర్చుతో కీళ్ల, కండరాల నొప్పులను లెక్కించడం దాని ఉద్దేశం. శిక్షణ పొందిన కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నావళి నింపుతారు, నొప్పి ఉన్నవారిని తరువాత వైద్యులు పరీక్షిస్తారు.

1996లో అరవింద్ చోప్రా నాయకత్వంలో పుణె జిల్లాలోని భిగ్వాన్ గ్రామంలో ఈ పద్ధతిలో సర్వే జరిగింది. నాలుగు వేల మందికి పైగా వయోజనులను అడిగితే, సుమారు 18 శాతం మంది కీళ్ల, కండరాల నొప్పులున్నాయని చెప్పారు. మోకీళ్ల అరుగుదల అందులో ప్రధానమైన జబ్బుల్లో ఒకటి. ఇంగ్లాండు రైతుల్లో తుంటి కీలు ముందుకు వస్తే, మన దేశపు పల్లెల్లో మోకాలు ముందుకు వచ్చింది. ఒక దేశపు ఫలితాన్ని మరో దేశానికి యథాతథంగా అన్వయించరాదని, మన ఊళ్లో మనమే అడగాలని ఇది చెబుతోంది.

ఇదే కాలంలో లెక్కకట్టే విధానం కూడా మారింది. 1993లో ప్రపంచ బ్యాంకు నివేదిక ద్వారా వెలుగులోకి వచ్చిన 'ప్రపంచ వ్యాధుల భారం' అంచనాలు మరణాలతో పాటు, వైకల్యంతో గడిపిన సంవత్సరాలను కూడా లెక్కించాయి. ఆ కొలతతో చూస్తే, చంపని నొప్పులు ఒక్కసారిగా పైకి వచ్చాయి. 2012లో ప్రచురించిన అంచనాల్లో వైకల్యంతో గడిపే సంవత్సరాలకు నడుము నొప్పి ప్రపంచంలో మొదటి కారణంగా నిలిచింది. అంతకు ముందు మనుషులకు నొప్పి లేక కాదు, దాన్ని తూచే తరాజు లేకపోయింది.

7. మేడ్చల్ గ్రామాల్లో జాబితా

ఇప్పుడు మన ప్రాంతానికి తిరిగి వద్దాం. మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో 2002లో మెడిసిటీ వైద్య విజ్ఞాన సంస్థ మొదలైంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హృద్రోగ ఆచార్యుడైన పి.ఎస్. రెడ్డి స్థాపించిన 'షేర్ ఇండియా' ఆ ఆవరణ నుంచే పనిచేస్తుంది. ఆ సంస్థ 'రీచ్' అనే కార్యక్రమం కింద మేడ్చల్ మండల గ్రామాల్లో ఇళ్లను గుర్తించి, కుటుంబ సభ్యులను నమోదు చేసి, గర్భిణులకు, పిల్లలకు ప్రాథమిక సేవలు, టీకాలు అందే ఏర్పాటు చేసింది. ఇంగ్లాండులో ప్రభుత్వం చట్టం ద్వారా తెచ్చిన జాబితాను ఇక్కడ ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకూ నడిచి తయారు చేశారు.

ఆ జాబితాలో మొదట ఎవరిని చూశారో గమనించండి. తల్లులను, బిడ్డలను. అది న్యాయమే. కాని జాబితా ఒకసారి తయారైతే మరో ప్రశ్నకు కూడా పనికివస్తుంది. తరువాతి దశలో షేర్ ఇండియా, పిట్స్‌బర్గ్ పరిశోధకులు కలిసి మేడ్చల్ ప్రాంతంలో 60 ఏళ్లు పైబడినవారి కదలికల మీద 'మైల్స్' అనే అధ్యయనం చేపట్టారు. పెద్దవారు ఎంతవరకు నడవగలరు, తమ పనులు తాము చేసుకోగలరా అన్నది దాని ప్రధానాంశం. చాలా ఆరోగ్య సర్వేలు ఏ జబ్బు ఉందని అడుగుతాయి. ఇది ఏ పని చేయగలరని అడిగింది. ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. కాని 'గంతే' అని చెప్పే మనిషికి ఇదే సరైన ప్రశ్న. జబ్బు లేదనే మనిషి కూడా, బావి దాకా నడవలేకపోతున్నానని, నేల మీద నుంచి లేవలేకపోతున్నానని చెబుతుంది.

ప్రభుత్వ విధానాల్లోనూ మార్పు వచ్చింది. 2010లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం మొదలైంది. 2017లో క్షేత్ర పరిశీలన ప్రారంభించిన దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం, 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా వ్యక్తులను కలిసి, ఎముకల, కీళ్ల జబ్బుల గురించి కూడా అడిగింది.

8. ఆధారాన్ని పరీక్షించడం

చరిత్ర విద్యార్థి ఏ ఆధారాన్నీ ప్రశ్నించకుండా ఒప్పుకోరాదు. 'మీకు కీళ్ల జబ్బు ఉందని డాక్టరు చెప్పాడా?' అని అడిగే సర్వే, డాక్టరు దగ్గరకు పోలేని మనిషిని మళ్లీ వదిలేస్తుంది. పగటిపూట ఇంటికి వెళ్లే సర్వే కూలికి పోయినవారిని తప్పిస్తుంది. శామీర్‌పేట వైపు ఫ్యాక్టరీల కోసం వలస వచ్చి అద్దె గదుల్లో ఉండేవారు ఊరి జాబితాలోకి సులభంగా ఎక్కరు. కోడలు పక్కన ఉండగా అత్త చెప్పే జవాబు వేరు, ఒంటరిగా చెప్పే జవాబు వేరు. 'నొప్పి' అనే మాటే ఊరూరికీ మారుతుంది. గుంజడం, పీకడం, సలపడం, పోటు, తిమ్మిరి అనే మాటలకు వేరు వేరు అర్థాలున్నాయి. ప్రశ్నావళిలో ఒకే మాట ఉంటే మిగతావి జారిపోతాయి.

వైద్యం కూడా ఈ చరిత్ర నుంచి పాఠం నేర్చుకుంది. 2022లో వచ్చిన బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం, 45 ఏళ్లు లేదా అంతకు పైబడినవారికి పని చేసినప్పుడు కీలు నొప్పి వస్తూ, ఉదయం లేవగానే కీళ్ల బిగుతు లేకపోయినా, ఉన్నా అరగంటకు మించకపోయినా, ఎక్స్‌రే లేకుండానే కీళ్ల అరుగుదలను గుర్తించవచ్చు. కండరాలను బలపరిచే వ్యాయామం, అవసరమైతే బరువు తగ్గడం, జబ్బు గురించి అర్థమయ్యేలా చెప్పడం మొదటి చికిత్సలు. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయదగినవి. ఖరీదైన యంత్రం అక్కరలేదు. కావలసింది అడిగే మనిషి, కొన్నాళ్ల తరువాత మళ్లీ అడిగే మనిషి.

9. సారాంశం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో పొలం పని, ఇంటి పని, తరువాత ఫ్యాక్టరీ పని మనుషుల కీళ్ల మీద భారం వేశాయి. ప్రాణాంతక జబ్బుల చుట్టూ ఏర్పడిన రిజిస్టర్లలో ఆ నొప్పికి గడి లేకపోయింది. ఫ్లోరోసిస్ వంటి కంటికి కనిపించే వైకల్యం రికార్డుకెక్కగా, రోజువారీ నొప్పి బయటే ఉండిపోయింది. ఇంగ్లాండులో ప్రాథమిక వైద్యుల జాబితాలు, భిగ్వాన్‌లో ఇంటింటి సర్వే, మేడ్చల్‌లో గ్రామ నమోదు ఆ నొప్పిని లెక్కలోకి తెచ్చే దారులు వేశాయి. ఆధారం లేదంటే అనుభవం లేదని కాదు. ఎవరూ అడగలేదని కూడా కావచ్చు.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. ప్రాథమిక వైద్య పరిశోధనలో 'జాబితా' ప్రాధాన్యాన్ని ఇంగ్లాండు, మేడ్చల్ ఉదాహరణలతో చర్చించండి.
2. నెల్లూరు, నల్లగొండ ఫ్లోరోసిస్ పరిశోధనలను భిగ్వాన్ సర్వేతో పోల్చండి.

II. ఈ ప్రశ్నలకు 10 వరుసల్లో సమాధానాలు రాయండి.
1. ఎక్స్‌రే ఆధారానికి ఉన్న పరిమితులు.
2. 'వైకల్యంతో గడిపిన సంవత్సరాలు' అనే కొలత తెచ్చిన మార్పు.

III. క్షేత్ర అభ్యాసం
మీ ఇంట్లో గాని, వాడలో గాని 60 ఏళ్లు దాటిన ఒకరితో మాట్లాడండి. 'ఏం జబ్బు?' అని అడగవద్దు. చిన్నప్పటి నుంచి ఏయే పనులు చేశారు, ఏ పని ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. నొప్పికి వారు వాడిన మాటను వారి మాటగానే రాసుకోండి. వారి అనుమతి తీసుకోండి, పేరు రాయకండి. ఒక నెల తరువాత వెళ్లి మళ్లీ అడగండి. మొదటిసారి చెప్పని సంగతి రెండోసారి ఏదైనా చెప్పారా? చెబితే, మొదట ఎందుకు చెప్పలేదో రెండు పేజీల్లో విశ్లేషించండి.